నరాల సమస్య వెనుక క్యాన్సర్ దాగి ఉంటుందా? ఎలా గుర్తిస్తారు?

నడుస్తుంటే తూలడం, మాట ముద్దగా రావడం, మతిమరుపు, ఫిట్స్, కాళ్లలో సత్తువ తగ్గడం... ఇవి కొద్ది వారాల్లోనే ముదిరితే, కొందరిలో ఇంకా బయటపడని క్యాన్సర్ కారణం కావచ్చు. ఈ జబ్బులను పారానియోప్లాస్టిక్ న్యూరలాజికల్ సిండ్రోమ్స్ అంటారు. ఇవి అరుదు. కానీ ఆలస్యమైతే దెబ్బతిన్న నాడీకణాలు తిరిగి కోలుకోకపోవచ్చు.

ఎందుకు వస్తాయి?

ఇది క్యాన్సర్ మెదడుకు పాకడం కాదు. కణితిపై పోరాడే రోగనిరోధక వ్యవస్థ, పొరపాటున నరాలపైనా దాడి చేస్తుంది. కణితి చిన్నగా ఉన్నప్పుడే ఇది మొదలవచ్చు. అందుకే చాలామందిలో క్యాన్సర్ కంటే ముందే నరాల సమస్య కనిపిస్తుంది.

ఏ పరీక్షలు చేస్తారు?

ఎంఆర్ఐ, వెన్ను నీటి పరీక్షతో పాటు రక్తంలో యాంటీబాడీలు చూస్తారు. ఏ యాంటీబాడీ ఉందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. యాంటీ-హు ఉంటే ఊపిరితిత్తులు, యాంటీ-యో ఉంటే అండాశయం, రొమ్ము ముందుగా చూస్తారు. తర్వాత సీటీ, అవసరమైతే పెట్-సీటీ తీస్తారు. ఎంఆర్ఐ నార్మల్ వచ్చినంత మాత్రాన, యాంటీబాడీలు దొరకనంత మాత్రాన జబ్బు లేదని కాదు.

స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే?

అక్కడితో ఆపకూడదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ప్రతి 4-6 నెలలకోసారి, 2 ఏళ్ల పాటు మళ్లీ పరీక్షించాలన్నది 2021లో అంతర్జాతీయ నిపుణులు చేసిన సూచన. చాలామంది మానేసేది ఇక్కడే.

చికిత్స ఏంటి?

మొదటిది క్యాన్సర్‌కు చికిత్స. దాంతో పాటే స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్లు, ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్ వంటివి ఇస్తారు. అండాశయంలోని టెరటోమా కణితి వల్ల వచ్చే ఎన్‌ఎండీఏ ఎన్‌సెఫలైటిస్‌లో, కణితి తీసేసి వెంటనే మందులిస్తే ఎక్కువమంది కోలుకుంటారు. యాంటీ-యో వల్ల చిన్నమెదడు దెబ్బతిన్నవారిలో మాత్రం చాలాసార్లు జబ్బు ముదరకుండా ఆపడమే సాధ్యమవుతుంది.

ఖర్చు మాటేంటి?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి రూ.10 లక్షలకు పెంచారు. ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. అయితే ప్రతి పరీక్షా, ప్రతి ఇంజెక్షనూ ప్యాకేజీలో ఉంటాయనుకోవద్దు. చేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను లేదా 104ను అడగండి. న్యూరాలజీ, ఆంకాలజీ రెండు విభాగాలూ ఉన్న ఆసుపత్రికి వెళ్తే సమయం కలిసొస్తుంది. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి. లక్షణాలు ఏ తేదీన మొదలయ్యాయో రాసి పెట్టుకోండి.