పలక మీద చెరిగిన కన్నడం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. అదే రోజు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిశాయి. భాష కోసం పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చి సాధించిన రాష్ట్రం అది. ఆ రాష్ట్రంలోనే, ఇంట్లో కన్నడం మాట్లాడే ఎన్నో కుటుంబాలు తెల్లారేసరికి అల్పసంఖ్యాకులై కూర్చున్నాయి. ఊరు మారలేదు, ఇల్లు మారలేదు, జిల్లా మారింది.

ఆదోని నుంచి కౌతాళం, హొళగుంద వైపు పోతే ఆ భాష ఇప్పటికీ చెవిన పడుతుంది. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న గుడి ముందు నిలబడితే తెలుగెంతో కన్నడమూ అంత. బతికున్న ఆ భాష బడిలో మాత్రం ఏటికేడు కుంగిపోయింది.

దాన్ని ఎవరూ నిషేధించలేదు. తరగతిలో పది మంది పిల్లలో, బడి మొత్తంలో నలభై మందో ఉంటే వాళ్ళ భాష పంతుల్ని వేయాలని 1949లోనే రాష్ట్రాల విద్యామంత్రులు తీర్మానించారు. 1956లో రాజ్యాంగంలో, మాతృభాషలో ప్రాథమిక విద్యకు వీలు కల్పించాలనే 350ఏ అధికరణం చేరింది. కాగితం మీద లోటేమీ లేదు.

తెగింది పంతులు దగ్గర. కన్నడంలో ఐదో తరగతి దాటిన పిల్లవాడికి దగ్గర్లో కన్నడ హైస్కూలు ఉండాలి. ఆపైన ఇంటర్, ఆపైన ఉపాధ్యాయ శిక్షణ. ఈ గొలుసులో ఒక్క కొలికి ఊడినా డీఎస్సీలో కన్నడ పోస్టుకు అర్హుడు దొరకడు. రిజర్వేషను రోస్టరులో ఆ పోస్టు ఏ వర్గానికి పడితే ఆ వర్గంలోనే మనిషి దొరకాలి, లేకుంటే ఖాళీ. పోనీ కర్ణాటకలోని సిరుగుప్పకో రాయచూరుకో పోయి చదువుకుందామా? 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం చదువుకున్న చోటే స్థానికత. తన ఊళ్ళో బడి ఉద్యోగానికే ఆ కుర్రాడు స్థానికేతరుడు. అవతల రాజ్యాంగంలోని 371జె అధికరణం కింద దక్కే స్థానికత రాయచూరు, బళ్ళారి లాంటి కర్ణాటక జిల్లాలకే. ఆదోని బిడ్డకు ఇక్కడా తావు లేదు, అక్కడా లేదు. ఇంత అన్యాయం ఎవరూ పగబట్టి చేసింది కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు గదుల్లో కూర్చుని రాసిన నిబంధనలు ఒకే పిల్లవాడి మీద పడ్డాయి. ఆ గదుల్లో వాడి తరఫున నోరు విప్పే మనిషి లేడు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ లోటే. ఉర్దూకు గొంతు ఉంది, కర్నూలులో 2016లో విశ్వవిద్యాలయం వచ్చింది, 2022లో రెండో అధికార భాష హోదా దక్కింది. రావలసిందే వచ్చింది, సంతోషం. కన్నడం కోసం అలా పట్టుబట్టిన వాళ్ళేరీ?

ఆ సరిహద్దు వైపు ఒక పల్లె బడిలో యాజమాన్య కమిటీ తీర్మానాల పుస్తకం తిరగేశాను. భోజనం, మరుగుదొడ్లు, ప్రహరీ గోడ, అన్నీ తెలుగులో. కింద తల్లుల సంతకాల్లో రెండు మూడు కన్నడ అక్షరాల్లో ఉన్నాయి. ఏ భాషలో చదువు చెప్పాలన్నది మాత్రం ఒక్క పేజీలోనూ చర్చకు రాలేదు. ఆ తల్లుల్ని ఎవరూ అడగలేదు.

2019 నవంబరులో ఇంగ్లీషు మీడియం జీవోలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. టీవీల్లో, పత్రికల్లో కొట్లాటంతా తెలుగా ఇంగ్లీషా అన్నదే. సరిహద్దు పల్లెల కన్నడం ఆ రెంటి మధ్య నలిగింది. తల్లిదండ్రులూ ఇంగ్లీషే కోరుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేను. ఏటా సుగ్గికి, అంటే కోతల పనికి, గుంటూరు మిరప చేలకు వలసపోయే వాళ్ళు బిడ్డకు ఆ కష్టం వద్దనుకుంటారు. పంతులు లేని కన్నడ బడి వాళ్ళకు ఏం భరోసా ఇవ్వగలదు?

తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. విద్యాహక్కు చట్టం రెండో సెక్షన్లో వెనుకబాటుకు చెప్పిన కారణాల్లో భాష కూడా ఉంది. అలాంటి పిల్లల తల్లిదండ్రులకు యాజమాన్య కమిటీలో తగిన వాటా ఇవ్వాలని 21వ సెక్షను అంటుంది. కాకపోతే ఎవరు వెనుకబడిన వారో రాష్ట్రం నోటిఫై చేయాలి. మన జాబితాలో ఎస్సీ, ఎస్టీ పిల్లలున్నారు, అనాథలున్నారు, దివ్యాంగులున్నారు. భాష పేరు లేదు. చేర్చడానికి అసెంబ్లీ అక్కర్లేదు, ఒక్క జీవో చాలు. చట్టం 2010 ఏప్రిల్ 1నే అమల్లోకి వచ్చింది, ఆ జీవో మాత్రం రాలేదు.