నాగలికి లొంగని నేల

ప్రతి సంవత్సరమును మే నెల ముగిసి జూను ప్రవేశించు తరుణమున, అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిబొడ్డున నున్న కాన్సాస్ రాష్ట్రములో, ఎంపోరియా యను పాతికవేల జనాభా గల పట్టణమున, గ్రెనడా థియేటరు ఎదుటి వీథిలో, తెల్లవారుజాముననే సైకిళ్ళు వందలు వేలుగా బారులు తీరి నిలుచును. పట్టణపు పొలిమేర దాటగానే తారురోడ్డును విడిచి, కంకర దారులవెంట రెండువందల మైళ్ళు, అనగా మూడువందల ఇరువది కిలోమీటర్లు త్రొక్కి, ప్రపంచప్రఖ్యాతి గలవారు తొమ్మిది పది గంటల కాలములోను, సామాన్యులలో పలువురు చీకటి పడిన పిదపను, కొందరు అర్ధరాత్రి దాటిన పిదపను, బయలుదేరిన చోటికే మరలి వత్తురు. సూర్యాస్తమయమునకు ముందు చేరుకొనుట యిచ్చట సామాన్యునకు దక్కగల గొప్ప గౌరవము. 2006లో 34 మందితో ఆరంభమైన యీ పందెమునకు నేడు భూమండలము నలుమూలలనుండియు జనులు వచ్చుచున్నారు.

బాల్యమున బడికి పోవుటకు దప్ప సైకిలెక్కి యెరుగనివాడను, ఉద్యోగరీత్యా విచిటా నగరమున స్థిరపడినవాడను నగు నేను, నడివయస్సున ఈ వ్యసనమునకు లోనై, ఆ రెండువందల మైళ్ళ వీరుల సరసన గాకపోయినను, అదే దినమున తక్కువ దూరము త్రొక్కువారి వెనుక వరుసలో చోటు సంపాదించుకొంటిని. టర్న్‌పైక్ అను రాజమార్గముపై కారులో విచిటానుండి ఎంపోరియాకు పోవునపుడెల్ల కిటికీకి ఆవల పచ్చగా దొర్లిపోవు గుట్టలుగా మాత్రమే తోచిన ప్రదేశము, గంటకు పది పండ్రెండు మైళ్ళ వేగమున, ఎదురుగాలిలో తలవంచి నేలనే చూచుచు పోవలసివచ్చినపుడు, ఏ గ్రంథమును నాకంత విశదముగా బోధింపని యొక చరిత్రను బోధించినది. ఆ చరిత్రకు మూలము రాయి.

ఫ్లింట్ హిల్స్ అను ఈ గుట్టల వరుస నెబ్రాస్కా సరిహద్దు సమీపమునుండి దక్షిణమున ఓక్లహోమా వరకును వ్యాపించినది. కోట్లకొలది సంవత్సరములకు పూర్వము ఇచ్చట నుండిన సముద్రపు టడుగున పేరుకొన్న సున్నపురాతి పొరలలో చెకుముకిరాయి దట్టముగా పొదిగియుండి, సున్నపురాయి వర్షధారలకు కరగినకొలది, కరగనేరని చెకుముకి ముక్కలు మిగిలిపోయి గుట్టల వీపులను కప్పివేసినవి. 1806లో ఈ మార్గమున సాగిన జెబులన్ పైక్ అను సైనికోద్యోగి దినచర్యలో వ్రాసికొన్న మాటవలననే వీనికీ పేరు వచ్చినదందురు. ఒకప్పుడు ఈ ఖండమధ్యమున పదునేడు కోట్ల ఎకరముల మేర వ్యాపించియుండిన పొడవుగడ్డి మైదానములలో నేడు నూటికి నాలుగు పాళ్ళయినను మిగులలేదు. తక్కినదంతయు మొక్కజొన్నకును, సోయాచిక్కుడుకును, పట్టణములకును ఆహుతియైనది. ఆ మిగిలినదానిలో అత్యధిక భాగము ఈ గుట్టలమీదనే నిలిచియుండుటకు కారణము ఎవరి దయాదాక్షిణ్యములును గావు. ఉక్కు నాగళ్ళతో వచ్చిన సేద్యగాండ్రకు ఈ గుట్టలమీద జానెడైనను లోతులేని మన్నును, దాని క్రింద కర్రును విరుగగొట్టు చెకుముకియు ఎదురగుటయే. దున్నరాని నేల పశువులకు మేతబీడై, రైలుమార్గము వచ్చిన పిదప టెక్సాస్ కోడెలు వేసవికి వచ్చి బలియు స్థలమైనది. నేటికిని వసంతమున పశుపాలకులు ఎండుగడ్డికి నిప్పు పెట్టుదురు. ఆ బూడిదనుండి లేచు క్రొత్తచిగురే కోడెలకు పుష్టి, చెట్లు పెరిగి బీడును మ్రింగకుండుటకు రక్ష.

సైకిలువానికి ఈ రాయి మరియొక విధముగా పరిచితము. దారులపై పరచినదియు స్థానికమగు రాయియే గనుక, అంచు పదునైన చెకుముకి ముక్క టైరు ప్రక్కను కత్తివలె చీల్చివేయును. కాబట్టి ఇచ్చటివారు నలుబది మిల్లీమీటర్లకు మించిన వెడల్పు గల, ట్యూబు లేని టైర్లను వాడి, లోపల రంధ్రములను తానే పూడ్చు రబ్బరు ద్రవమును పోసికొందురు. నియమిత స్థలములలో దప్ప పైవారి సహాయము పొందరాదు గనుక పనిముట్లును, ఆహారమును, నీరును తామే మోసికొందురు. వాన కురిసిన సంవత్సరములలో బంకమన్ను చక్రములను బిగబట్టగా, రంగులు కలుపు చెక్కపుల్లతో దానిని గోకికొనుచు, సైకిలును భుజమున మోసికొని నడచిపోవలసివచ్చును. 2015, 2023 సంవత్సరముల పందెములు అట్టి బురదచేతనే ప్రసిద్ధములైనవి.

ఇక ఈ దారుల స్వరూపమును చెప్పవలెను. బల్లపరుపుగా నున్న చోట్ల అవి మైలున కొక్కటి చొప్పున, ఉత్తర దక్షిణములుగను తూర్పు పడమరలుగను, గీత గీచినట్లు సాగి, లంబకోణములలో ఖండించుకొనును. ఇది 1785లో న్యూయార్కునందు సమావేశమైన కాంగ్రెసు చేసిన భూమి కొలతల శాసనపు ఫలము. దాని ప్రకారము పశ్చిమమున నున్న ప్రభుత్వ భూములు ఆరు మైళ్ళ చతురస్రములుగను, ఒక్కొక్క చతురస్రము ముప్పదియారు సెక్షనులుగను, ఒక్కొక్క సెక్షను 640 ఎకరములుగను విభజింపబడవలెను. 1854లో కాన్సాస్ వలసదారులకు తెరవబడగానే కొలతగాండ్రు అరువదియారడుగుల గొలుసును లాగుకొనుచు బయలుదేరిరి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టముతో, అయిదేండ్లు కాపురముండి సాగుచేసిన కుటుంబమునకు సెక్షనులో నాలుగవ పాలు, 160 ఎకరములు, స్వల్ప రుసుముతో లభించెను. మన పల్లెలలోను సర్వే జరిగినది. గొలుసు, లింకు, ఎకరము అను కొలమానములు మన రెవెన్యూ రికార్డులకును పరిచితములే. కాని మన దేశమున ఊరు ముందుండెను, పొలముగట్టు ముందుండెను, గొలుసు వచ్చి ఉన్నదానిని కొలిచినది. ఇచ్చట గొలుసు ముందు వచ్చినది. ఊరును, పొలమును, బాటయు ఆ గొలుసు గీచిన గీతలలో తరువాత వచ్చి కూర్చున్నవి. గుట్టలు నిటారుగ నున్న చోట మాత్రము గీత ఓడిపోయి, దారి వాగుల వెంట వంకర తిరిగిపోవును. సైకిలువారు కోరి వెదకికొనునవి ఆ వంకరలే.

గొలుసు రాకమునుపు ఆ నేల శూన్యమని భ్రమింపరాదు. ఈ రాష్ట్రమునకు పేరిచ్చిన కాన్సా జనులు, తమ్ము కావ్ అనియు పిలుచుకొనువారు, 1825 ఒడంబడికలో తమ భూములలో అత్యధిక భాగమును వదలుకొని, 1846లో కౌన్సిల్ గ్రోవ్ అను స్థలపు పరిసరమున ఇరువది మైళ్ళ చతురస్రములోనికి నెట్టబడిరి. వారి దురదృష్టమేమనగా, ఆ చతురస్రము నడుమ పారు నియోషో నది లోయ సారవంతమైనది, శాంటా ఫే అను వర్తకపు బాట దానిగుండనే పోవుచుండినది. గుట్టలను కాపాడిన రాయి లోయలో లేదు. 1859లో ఆ చతురస్రమును కుదించిరి. 1873లో మిగిలిన కొలదిమందిని దక్షిణమునకు, నేటి ఓక్లహోమాకు, పంపివేసిరి. పందెమునకును మొదట వారి పేరునకు ‘డర్టీ’ యను మాట చేర్చి ‘డర్టీ కాంజా’ యని పేరు పెట్టిరి. విమర్శలు చెలరేగిన పిదప 2020లో దానిని ‘అన్‌బౌండ్ గ్రావెల్’ అని మార్చిరి.

ఈ దేశమున మంచి రోడ్ల కొరకు మొదట ఉద్యమించినది సైకిలువారేయనుట నేటి పాఠకునకు వింతగా తోచవచ్చును. 1880లో స్థాపింపబడిన ‘లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్’ అను సంఘము, బురదలో చక్రము దిగబడుటను సహింపలేక, పత్రికలు నడపి, శాసనసభ్యులను వేధించి, 1893లో కేంద్ర వ్యవసాయశాఖలో రోడ్ల విచారణ కార్యాలయమొకటి ఏర్పడుటకు దోహదమొనర్చినది. రోడ్లకు పన్ను చెల్లింపవలసివచ్చునను భయమున మొదట ప్రతిఘటించిన రైతులు, 1896నుండి టపా ఇంటిముంగిటికి రాసాగిన పిదప మెత్తబడిరి. అయినను ఆ సంఘమే 1894లో నల్లవారికి సభ్యత్వమును నిషేధించినది. అయిదేండ్లకు మేజర్ టేలర్ అను నల్లజాతి యువకుడు మాంట్రియాలులో ప్రపంచ విజేతయైనను ఆ నిషేధము తొలగలేదు. సైకిలువారు కోరిన చదునైన దారులను తరువాత మోటారు కార్లు ఆక్రమించుకొనగా, వారి మునిమనుమలు నేడు చదును చేయబడని దారులను వెదకికొనుచు, జనసంఖ్య మూడువేలకు లోబడిన చేజ్ కౌంటీవంటి చోట్లకు వచ్చుచున్నారు. తారు పోయుటకు చాలినంత జనము లేరు. జనము లేకపోవుటకు కారణము మరల ఆ రాయియే.

దక్షిణమునకు పంపివేయబడిన కావ్ జాతి 2000లో కౌన్సిల్ గ్రోవ్ సమీపమున తన పూర్వభూమిలో కొంత భాగమును డబ్బిచ్చి కొని, అల్లెగవాహో అను నాయకుని పేర స్మారకవనము నెలకొల్పినది. 1929లో, కావ్ వంశజుడగు చార్లెస్ కర్టిస్ ఈ దేశమునకు ఉపాధ్యక్షుడైన సంవత్సరముననే, ఆ జాతివారు పవిత్రముగా నెంచు ఎర్రని మహాశిలను లారెన్స్ పట్టణమువారు పెకలించుకొనిపోయి, తమ పట్టణమును స్థాపించిన వలసదారుల పేర్లతో ఫలకమును దానికి తాపిరి. 2024లో ఆ శిల ఫలకమును వీడి స్మారకవనమునకు చేరినది.

పౌరసత్వ పరీక్షకై మావంటి వలసదారులచే చదివించు పుస్తకములో, ఒక ఆదిమజాతి పేరు చెప్పుమను ప్రశ్నకు ముద్రించిన సమాధానముల జాబితాలో కావ్ జాతి పేరు లేదు. ఈ రాష్ట్రమున మేము కొను ప్రతి ఇంటిస్థలపు వివరములను వెనుకకు శోధించుచు పోయినచో సెక్షను సంఖ్యయు టౌన్‌షిప్ సంఖ్యయు తేలును. ఆ సంఖ్యలు పుట్టుటకు ఎవరిని తొలగింపవలసివచ్చెనో పత్రములు చెప్పవు. పదునెనిమిది వందల అరువదులలో గుర్రపుబండ్లపై వచ్చినవారికిని, మాకును, ఈ విషయమున భేదము కాలములోనే గాని లాభములో లేదు. ఆ లాభమును అనుభవించుచున్నవాడు దాని పూర్వచరిత్రను తన పిల్లలకును, స్వదేశమునందలి బంధువులకును ఉన్నదున్నట్లు చెప్పుట కనీసధర్మమని నేనెంచుచున్నాను.