పాత చీర ముక్కలతో దిండు గలీబు: కొలతలు, కుట్టే పద్ధతి

పాత చీరలు పొరలుగా పరిచి, ముక్కలు అతికించి కుట్టే దుప్పటిని మన వైపు బొంత అంటారు. ముస్లిం ఇళ్లలో గోదడి అంటారు. దిండుకు తొడిగే గలీబు అనే మాట కూడా ఉర్దూ గిలాఫ్ నుంచి వచ్చిందే. బొంత కుట్టాలంటే వారాలు పడుతుంది. అదే పనిని నేర్చుకోవడానికి ముక్కల గలీబు మంచి మొదలు.

బట్ట ఎంపిక

బుక్కరాయసముద్రం చుట్టుపక్కల ముక్కలకు కొదవ లేదు. ఇంట్లో నూలు చీరలు ఉంటాయి, దర్జీ దగ్గర జాకెట్ గుడ్డల తుంపులు మిగులుతాయి. రాయదుర్గం జీన్స్ కుట్టుపనికి, ధర్మవరం పట్టు చీరలకు పేరు. అయితే మందం జీన్స్, పల్చని పట్టు ఒకే గలీబులో కలపకండి. గట్టి బట్ట లాగితే పల్చనిది కుట్టు దగ్గర చిరుగుతుంది.

అమ్మ చీరో, నానమ్మ చీరో కోసే ముందు వెలుతురుకు పట్టి చూడండి. రెండు చేతులతో కొంచెం లాగండి. పోగులు విడిపోతే ఆ భాగం వద్దు. ఒకసారి కోశాక మళ్లీ రాదు కదా! నూలు బట్టను ముందే ఉతకాలి. తడి గుడ్డను తెల్ల బట్టపై అదిమితే రంగు దిగేదీ లేనిదీ తెలిసిపోతుంది.

కొలతలు (16 అంగుళాల దిండు)

- ముందు వైపు: 4½ అంగుళాల చదరపు ముక్కలు 16
- లోపలి పొర: 17½ అంగుళాల పాత మెత్తటి గుడ్డ
- వెనక వైపు: 16½ × 11½ అంగుళాల ముక్కలు 2

కుట్టే పద్ధతి

1. అట్టతో 4½ అంగుళాల అచ్చు చేసుకుని, పోగు వెంట నిలువుగా కోయండి. ఏటవాలుగా కోస్తే ముక్క సాగుతుంది.
2. నాలుగేసి ముక్కలు కలిపి నాలుగు వరసలు కుట్టండి. ప్రతి కుట్టూ అంచుకు పావు అంగుళం లోపలే ఉండాలి. ఒక్కో కుట్టు అర పావు అంగుళం లోపలికి జరిగినా వరస ముప్పావు అంగుళం కురచ అవుతుంది. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే.
3. ఒక వరస మడతలు కుడికి, తర్వాతి వరసవి ఎడమకు ఇస్త్రీ చేయండి. అప్పుడు మూలలు సరిగ్గా కలుస్తాయి. వరసలు కలిపితే 16½ అంగుళాల చదరం వస్తుంది.
4. దాన్ని లోపలి పొరపై పరిచి, బొంతకు వేసినట్టే సూదితో వరుస కుట్లు వేయండి. మిగిలిన అంచు కత్తిరించండి. అరిగిన బట్టకు బలం ఇచ్చేది ఈ కుట్లే.
5. వెనక ముక్కల పొడవాటి అంచు ఒక్కొక్కటి అర అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టండి. బట్టల మంచి వైపులు ఎదురెదురుగా ఉండేలా వాటిని ముందు భాగంపై పరచండి. మడత అంచులు మధ్యలో 4½ అంగుళాలు ఒకదానిపై ఒకటి పడతాయి. చుట్టూ పావు అంగుళంలో కుట్టి తిప్పండి. గుండీలు, జిప్పు అక్కర్లేదు.

లోపలికి ఎండబెట్టిన బూరుగు దూది దిండు, 17 అంగుళాలది అయితే నిండుగా ఉంటుంది. గలీబును చన్నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. మన ఎండకు రంగు త్వరగా వెలిసిపోతుంది.

అమ్మాలనుకుంటే

దారం, దూది ఖర్చుతో పాటు కోతకు, కుట్టుకు పట్టిన గంటలు కూడా రాసుకోండి. వాన లేని ఏడాది ఇంటి ఖర్చుకు ఆసరా కావాలంటే ఆ గంటలకు కూలి రావాలి. ముక్క గుడ్డ ఊరికే వచ్చినా చేతి పని ఊరికే రాదు.