చట్టాన్ని గుమ్మం దాకా నడిపించిన దుర్గాబాయి

బాల్యవివాహాన్ని కాదనుకుని, జైళ్లు దాటి, రాజ్యాంగ సభకు చేరి, ఎన్నికల్లో ఓడినా ఆగని ఒక తెలుగు శాసనకర్త యథార్థ గాథ

వేలూరు ఆడవాళ్ల జైలు. ఉప్పు సత్యాగ్రహం జోరుమీదున్న కాలం. మద్రాసులో ఉప్పు చట్టాన్ని ధిక్కరించి శిక్ష పడిన దుర్గాబాయికి అప్పటికి నిండా పాతికేళ్లు లేవు. చుట్టూ ఉన్నవాళ్లంతా రాజకీయ ఖైదీలు కారు. హత్యానేరం మోపబడి, ఏళ్ల తరబడి శిక్ష అనుభవిస్తున్న పల్లెటూరి ఆడవాళ్లూ ఉన్నారు. ఆమె ఒక్కొక్కరినీ పలకరించి వాళ్ల కథ విన్నారు. వింటున్నకొద్దీ గుండె బరువెక్కింది. ఏ నేరం ఒప్పుకున్నారో, ఆ ఒప్పుకోలుకు ఎంత శిక్ష పడుతుందో వాళ్లలో కొందరికి తెలియనే తెలియదు. తమ తరఫున మాట్లాడే వకీలు ఉంటాడనీ తెలియదు.

లా చదవాలన్న పట్టుదల ఆమెలో అక్కడ పుట్టింది. అయితే అప్పటికి ఆమె మెట్రిక్యులేషన్ కూడా పాసవలేదు.

కాకినాడ పిల్ల

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగింది దుర్గ. ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. పదిహేనేళ్లు వచ్చాక, కాపురానికి వెళ్లే వేళ, ఈ పెళ్లి తనకు వద్దని భర్తతోనే సూటిగా చెప్పేసింది. అతన్ని మరో పెళ్లి చేసుకోమంది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలిచారు. 1920ల నాటి గోదావరి జిల్లాలో ఒక ఆడపిల్ల ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో మన అమ్మమ్మలను అడిగితే చెబుతారు.

అంతకు ముందే, 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. పన్నెండేళ్లయినా నిండని ఆ పిల్లకు ఒకటే కోరిక: దేవదాసీలూ, బురఖా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలి. అయిదు వేల రూపాయల నిధి సమకూరిస్తే గాంధీజీ వాళ్ల కోసం కొద్ది నిమిషాలు కేటాయిస్తారన్నారు పెద్దలు. దుర్గ దేవదాసీల దగ్గరికే వెళ్లింది. వాళ్లే చేయి వేశారు, డబ్బు పోగయింది. నిమిషాలన్నది అరగంట దాటింది. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. గాంధీజీ హిందీ మాటలను తెలుగులో చెప్పింది దుర్గే.

ఆ హిందీ పట్టుబట్టి నేర్చుకున్నది. ఇంగ్లీషు మాధ్యమం వద్దని బడి మానేసిన పిల్ల, బాలికల హిందీ పాఠశాల పెట్టి తనకన్నా పెద్దవాళ్లకు కూడా పాఠం చెప్పింది.

జైలు నుంచి కోర్టుకు

1930, 1933 మధ్య ఆమెను మూడుసార్లు జైల్లో పెట్టారు. వాటిలో ఒకటి మదురై జైలు, ఒంటరి కొట్టు. దాపుల్లోనే ఉరిశిక్ష పడ్డ ఖైదీలు. వాళ్ల ఆర్తనాదాలు రాత్రీ పగలూ చెవిన పడేవి. బయటికి వచ్చేసరికి ఆరోగ్యం పాడైంది. అప్పుడే ఆమె తన దారి మార్చుకున్నారు. క్రియాశీల రాజకీయాలకు కొంతకాలం దూరంగా ఉండి చదువుకోవాలని నిశ్చయించుకున్నారు.

ఒకప్పుడు వద్దనుకున్న ఇంగ్లీషును అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టారు. బెనారస్ మెట్రిక్ ప్యాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టల్ లేదు గనక సీటివ్వలేమన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనలాంటి అమ్మాయిలను వెతికి పట్టుకుని, అందరూ కలిసి ఉండే ఏర్పాటు తామే చేసుకున్నారు. ఇక కాదనడానికి కారణం మిగల్లేదు. రాజనీతిశాస్త్రంలో పట్టా, ఆ తర్వాత మద్రాసులో లా. 1940ల తొలినాళ్లలో మద్రాసు హైకోర్టులో క్రిమినల్ లాయరుగా నల్లకోటు వేసుకున్నారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. బాల్యంలోనే బడి మానిపించిన ఇల్లాళ్లనూ, వితంతువులనూ కూర్చోబెట్టి, ఏళ్ల చదువును కొద్ది కాలంలో చెప్పించి మెట్రిక్ పరీక్షకు పంపడం అక్కడి ముఖ్యమైన పని.

రాజ్యాంగ సభలో

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి దుర్గాబాయి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అంత పెద్ద సభలో స్త్రీలు పదిహేను మందే. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఏకైక మహిళ ఆమె. అలంకారానికి కూర్చున్న మనిషి కాదు. సవరణల మీద సవరణలు పెట్టి, ఒక్కో వాక్యాన్ని పట్టి చూశారు.

ప్రజా స్వభావం గల హిందూ ధార్మిక సంస్థల తలుపులు తెరిచే నిబంధన చర్చకు వచ్చింది. ముసాయిదాలో ఏదైనా ఒక తరగతికి అన్న అర్థం వచ్చేలా ఉంది. హిందువుల్లో అన్ని తరగతులకూ, అన్ని వర్గాలకూ తెరవాలని స్పష్టంగా ఉండాలని ఆమె పట్టుబట్టారు. ఇవాళ రాజ్యాంగం 25వ అధికరణంలో ఉన్నది ఆ రూపమే.

ఎగువ సభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఏళ్లని ప్రతిపాదన వచ్చింది. దుర్గాబాయి లేచి, ముప్పై చాలన్నారు. వివేకం వయసును బట్టి రాదన్నది ఆమె వాదన. సభ ఒప్పుకుంది. నేడు ముప్పై ఏళ్లకే రాజ్యసభలో అడుగుపెట్టే ప్రతి యువ సభ్యుడూ, సభ్యురాలూ ఆ సవరణకు రుణపడి ఉన్నారు.

1949 సెప్టెంబరులో భాషా చర్చ సెగలు కక్కింది. ఆమె హిందుస్థానీ పక్షం. దక్షిణాదిన స్వచ్ఛందంగా హిందీ నేర్చి నేర్పిన తనలాంటి వాళ్లనే హిందీ అభిమానుల అత్యుత్సాహం దూరం చేస్తోందని సభలో బాధపడుతూ చెప్పారు.

తాత్కాలిక పార్లమెంటులో ఆమె గొంతు విప్పిన పెద్ద పోరు హిందూ కోడ్ బిల్లు. కూతురికి ఆస్తిలో వాటా, చెడిన పెళ్లి నుంచి బయటపడే దారి. కాకినాడలో తన దారి తానే వెతుక్కున్న మనిషికి ఆ బిల్లు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే వ్యతిరేకత ముందు 1951లో బిల్లు ఆగిపోయింది. మనసు విరిగి అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు.

ఓటమి తర్వాత

తొలి సార్వత్రిక ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. హిందూ వివాహ చట్టం 1955లో, వారసత్వ చట్టం 1956లో పార్లమెంటు గడప దాటినప్పుడు, వాటి కోసం వాదించిన ఆమె ఆ సభలో లేరు.

చాలామంది రాజకీయ కథలు ఇక్కడే ముగుస్తాయి. ఆమెను మాత్రం ప్రణాళికా సంఘం పిలిచింది. మొదటి పంచవర్ష ప్రణాళికలో సాంఘిక సంక్షేమానికి 4 కోట్ల రూపాయలు పెట్టించారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు ఆమే. ఆ ఏడాది జనవరిలోనే ఆర్థిక మంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌తో పెళ్లయింది. సాక్షి సంతకం పెట్టినవారిలో నెహ్రూ ఒకరు.

మండలి డబ్బు ఊళ్లకు వెళ్లింది. బాలవాడీలు, ప్రసూతి సేవలు, చేతిపనుల శిక్షణ వచ్చాయి. చదువు ఆగిపోయిన వయోజన స్త్రీలకు రెండేళ్లలో పరీక్షకు తయారుచేసే సంక్షిప్త కోర్సులు 1958లో మొదలయ్యాయి. మహిళా సభ గదుల్లో పండిన అనుభవం దేశమంతటి పథకమైంది. ఆ కోర్సులు చదివి టీచర్లు, నర్సులు, గ్రామసేవికలుగా నిలబడ్డ స్త్రీలు ఎందరో. అదే ఏడాది స్త్రీ విద్యపై జాతీయ కమిటీకి కూడా ఆమె అధ్యక్షత వహించారు.

1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూశారు. మన ఆడవాళ్లకూ ఇలాంటివి కావాలని తిరిగొచ్చి నెహ్రూకు చెప్పారు. న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతో చర్చించారు. సంవత్సరాలు గడిచాయి. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో వచ్చింది.

ఆ చట్టం చదివితే ఆమె కోరుకున్నదేమిటో తెలుస్తుంది. విడాకులు, మనోవర్తి, పిల్లల సంరక్షణ వంటి వ్యాజ్యాల్లో కోర్టు ముందు రాజీకి ప్రయత్నించాలి. వకీలును పెట్టుకోవడం అక్కడ హక్కుగా ఉండదు. ఇల్లాలు తన బాధ తానే చెప్పుకోవచ్చు. సహాయం కావాలంటే కోర్టే న్యాయ నిపుణుణ్ణి పిలుస్తుంది.

గెలిచిన ఎన్నికలను లెక్కపెట్టి శాసనకర్తలను కొలవడం మనకు అలవాటు. ఆ లెక్కలో దుర్గాబాయి చిన్నగా కనిపిస్తారు. చట్టం రాయడంతో పని సగమే అయిందనీ, దాన్ని చదువురాని ఆడమనిషి గుమ్మం దాకా నడిపిస్తేనే పూర్తవుతుందనీ నమ్మిన మనిషి ఆమె. ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఆడైనా మగైనా, ఆ రెండో సగం గురించి మనం నిలదీయాలి.