పాత క్యాంపర్‌కి వెల కట్టేదెవరు?

ఇంగ్లండ్‌లో ఏ66 రోడ్డు. కెజిక్ ఊరు ఇంకాస్త దూరం. సన్నని వాన ఆగకుండా పడుతోంది. రౌండెబౌట్ ముందు వాహనాలు బారు తీరాయి. మీరూ బ్రేకు తొక్కి ఆపారు. మీరు నడుపుతున్నది 1989 నాటి ఫోక్స్‌వాగన్ టీ25. ఆటో-స్లీపర్స్ అనే సంస్థ లోపల చెక్కపని చేసి, ట్రైడెంట్ అని పేరు పెట్టి అమ్మిన క్యాంపర్. పైకప్పు లేస్తుంది, వెనక సీటు పరిస్తే మంచమవుతుంది, స్టవ్, సింకు, ఫ్రిజ్ అన్నీ చేతికందేంత దూరంలో ఉంటాయి. అద్దంలో చూస్తే వెనక డెలివరీ వ్యాను లైట్లు దగ్గరవుతున్నాయి. వేగం తగ్గడం లేదు.

గుద్దింది. సొరుగుల్లోని గిన్నెలు, గరిటెలు అన్నీ ముందుకొచ్చి పడ్డాయి. ఆవకాయ సీసా మాత్రం తువ్వాలు చుట్టి పెట్టడం వల్ల పగల్లేదు. ముందు మనుషుల్ని చూసుకుంటారు. పిల్లలు బెదిరిపోయారు గానీ దెబ్బలు తగల్లేదు. గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేసి, దిగి వెనక్కి వెళ్తారు. ఈ మోడల్‌కి రేడియేటర్ ముందు, ఇంజను వెనక. కూలెంట్ ట్యాంకు నంబరు ప్లేటు వెనకే ఉంటుంది. ప్లేటు నలిగి, ట్యాంకు పగిలి, కూలెంట్ వాననీళ్లలో కలిసి తారు మీద పారుతోంది. వెనక తలుపు వంకర పోయి సగంలో ఇరుక్కుంది.

అవతలి డ్రైవరు వణుకుతూ క్షమించమంటున్నాడు. అతని పేరు, చిరునామా, బండి నంబరు, బీమా కంపెనీ వివరాలు రాసుకుంటారు. దెబ్బ తగిలిన చోటే కాదు, తగలని చోట్లు కూడా ఫొటోలు తీస్తారు. తుప్పు లేని తలుపు అంచులు, చిరగని సీట్లు, ఓడోమీటరు, స్టవ్, పైకప్పు గుడ్డ. గుద్దుకోక ముందు ఈ బండి ఎంత బాగుండేదో మున్ముందు నిరూపించాల్సిన భారం మీ మీదే పడబోతోంది.

రికవరీ ట్రక్కు వచ్చి బండిని ఎక్కించుకుంటుంది. యార్డు తాళం వేసేలోపు మీ సామానంతా దించుకుంటారు. పరుపులు, పుస్తకాలు, సర్వీసు బిల్లుల ఫైలు. బీమా కంపెనీకి ఫోన్ చేసి చెప్పిన మాటే ఈమెయిల్లో కూడా రాస్తారు: నా అనుమతి లేకుండా బండిని అమ్మడం గానీ, తుక్కుకి పంపడం గానీ చేయవద్దు. ఆ వాక్యానికి ఎంత విలువుందో కొన్నాళ్లకి తెలుస్తుంది.

తర్వాత బీమా కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. అవతలి గొంతు మర్యాదగా, అలవాటైన వేగంతో చెబుతోంది. ఇంజనీరు చూశాడు, వెనక ఛాసిస్ భాగం వంగింది, మరమ్మతుకి 7,800 పౌండ్లు అవుతుంది, బండి మార్కెట్ విలువ 6,500, కాబట్టి రైట్ ఆఫ్. అందులోంచి మీరు భరించాల్సిన 250 ఎక్సెస్ తీసేసి 6,250 పంపిస్తాం, ఒప్పుకుంటే ఈరోజే.

కళ్ల ముందు వేసవులన్నీ తిరుగుతాయి. విట్బీ సముద్రం ఒడ్డున తలుపు తీసి పెట్టుకుని కాచుకున్న టీలు, నాన్న కాకినాడ నుంచి వచ్చినప్పుడు "ఇంత ఇంట్లో ఇన్ని పట్టాయేంట్రా" అని మురిసిపోయిన రాత్రి. గొంతు పూడుకుపోతుంది. అయినా ఆ ఫోన్లో ఒక్క మాటే అనాలి: "లెక్క కాగితం మీద పంపండి, చూసి చెప్తాను."

రైట్ ఆఫ్ అనేది బండికి పడిన మరణశిక్షేమీ కాదు. బాగుచేసే ఖర్చుని బండి విలువ పక్కన పెట్టి, తమకి గిట్టుబాటు కాదని కంపెనీ తీసుకున్న వ్యాపార నిర్ణయం. ఎంత శాతం దాటితే రైట్ ఆఫ్ చేయాలో బ్రిటన్‌లో చట్టం చెప్పదు, ఏ కంపెనీ లెక్క దానిది. అంటే ఆ విలువ అంకె తప్పయితే పరిహారం ఒక్కటే తప్పు కాదు, రైట్ ఆఫ్ అన్న నిర్ణయమే తప్పు కావచ్చు.

కాగితాలు వస్తాయి. ఇంజనీరు నివేదికలో కేటగిరీ ఎస్ అని ఉంది. 2017 అక్టోబరు నుంచి బ్రిటన్‌లో నాలుగు కేటగిరీలు. ఏ అయితే బండి మొత్తం నుజ్జు చేయాల్సిందే. బీ అయితే విడిభాగాలు తీసుకోవచ్చు గానీ బాడీని నుజ్జు చేయాలి. ఎస్ అంటే బండి నిర్మాణానికే దెబ్బ తగిలింది, అయినా బాగుచేయవచ్చు. ఎన్ అంటే నిర్మాణం జోలికి పోని దెబ్బ. మీ బండికి ఏ, బీ పడలేదు. అంటే దాన్ని మళ్లీ రోడ్డెక్కించే దారి మూసుకోలేదు. గుండె కాస్త కుదుటపడుతుంది.

విజయవాడ నుంచి తమ్ముడు వీడియో కాల్ చేస్తాడు. "ఐడీవీ ఎంత వేశారన్నయ్యా?" అని అడుగుతాడు. మన దేశంలో ఐడీవీ, అంటే బండికి ముందే రాసిన విలువ, పాలసీ కాగితం మీదే ఉంటుంది, మరమ్మతు ఖర్చు అందులో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీసుకుంటారు. ఇక్కడ మీ పాలసీలో అంకె లేదు, మార్కెట్ విలువ అన్న రెండు మాటలున్నాయి. ప్రమాదానికి ఒక్క క్షణం ముందు అదే మోడలు, అదే వయసు, అన్నే మైళ్లు, అదే స్థితిలో ఉన్న మరో బండి కొనాలంటే ఎంతవుతుందో అంత. వాడు కాసేపు ఆలోచించి, "అయితే ముందే రాయించుకోవాల్సిందన్నమాట" అంటాడు. దాని సంగతి చివర్లో.

రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద లాప్‌టాప్, ఫైలు. కంపెనీ 6,500 ఎక్కడ పట్టుకొచ్చిందో నివేదిక చివర చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్లు చూసింది సరుకు వ్యాన్ల ధర. బ్రిటన్‌లో బీమా కంపెనీలు గ్లాసెస్, క్యాప్ వంటి ధరల గైడ్లు చూస్తాయి. రోజూ చేతులు మారే కార్లకి అవి సరిపోతాయి. ముప్పై ఏళ్లు దాటిన క్యాంపర్‌ని వాటితో తూచితే, డాబా కట్టిన స్థలాన్ని ఖాళీ స్థలం రేటుకి అడిగినట్టుంటుంది. పైకప్పు, మంచం, చెక్కపని, గ్యాస్ పైపులు, వీటికి సరుకు వ్యాన్ల ధరలో చోటు లేదు.

అక్కణ్ణుంచి మీ పని మొదలవుతుంది. మొదట లాగ్ బుక్, అంటే వీ5సీ. అందులో బాడీ రకం మోటార్ క్యారవాన్ అని ఉంది, సరుకు వ్యాన్ కాదని ప్రభుత్వ పత్రమే చెబుతోంది. తర్వాత ఎంఓటీ చరిత్ర, ఏటా జరిగిన తనిఖీలో ఎన్ని మైళ్లు తిరిగింది, ఏ లోపం చూపింది అన్నీ ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతాయి. బిల్లుల ఫైల్లోంచి ముఖ్యమైనవి ఏరుతారు. ఇంజను హెడ్లు విప్పి సీళ్లు మార్చిన రసీదు, రేడియేటర్ నుంచి ఇంజను దాకా నేల కింద పారే కూలెంట్ పైపులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించిన రసీదు, తుప్పు పట్టిన అతుకులు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసిన ఫొటోలు. టీ25 గురించి తెలిసినవాళ్లు ఈ మూడూ ముందడుగుతారు, ఎందుకంటే ఈ బండ్లు పాడయ్యేది అక్కడే.

ఆ తర్వాత అమ్మకపు ప్రకటనలు. పాత పెయింటు మీద మెరుగులు దిద్దిన ఖరీదైన బండ్లని వదిలేసి, వయసు, మైళ్లు, లోపలి పని మీదానికి దగ్గరగా ఉన్నవే తీసుకుంటారు. ప్రతి దాన్నీ తేదీతో సహా భద్రపరుస్తారు. ప్రకటనలో అడిగే ధర వేరు, అమ్ముడయ్యే ధర వేరు అని కంపెనీ అంటుందని తెలుసు గనక, వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు కూడా జత చేస్తారు. ఈ బండ్లే బాగుచేసే మెకానిక్‌ని అడిగితే, లెటర్‌హెడ్ మీద తన అంచనా రాసిస్తాడు. "నా కంటే బాగా మీ బిల్లులే మాట్లాడతాయి" అంటాడు.

ఉత్తరంలో కోపం లేదు. గైడు సరుకు వ్యాన్‌కి వర్తిస్తుంది, ఇది క్యాంపర్, ఇవీ ఆధారాలు, నా లెక్క ప్రకారం విలువ 11,000. ఇంతే. దానికి తోడు ఇంకో రెండు వాక్యాలు: మీరు ఒప్పుకుంటున్న మొత్తం ఇప్పుడే ఇవ్వండి, తేడా మీద వాదన కొనసాగుతుంది. ఒప్పుకోకపోతే దీన్ని ఫిర్యాదుగా నమోదు చేయండి. ఫిర్యాదు అన్న మాట పడ్డాక గడియారం మొదలవుతుంది. ఎనిమిది వారాల్లో కంపెనీ తుది జవాబివ్వాలి. అది నచ్చకపోతే ఆరు నెలల్లోపు ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కి పైసా ఖర్చు లేకుండా వెళ్లవచ్చు. కంపెనీలు రైట్ ఆఫ్ బండ్లకి న్యాయమైన ధర కన్నా తక్కువ ఇవ్వకూడదని బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2022 డిసెంబరులో బహిరంగంగానే హెచ్చరించింది.

రోజులు గడుస్తాయి. ఒక పొద్దున ఫోన్. ఈసారి వేరే గొంతు, ఫైలు చదివిన గొంతు. 10,800 అంటుంది. ఆ అంకెతో లెక్క తిరగబడుతుంది, మరమ్మతు ఖర్చు ఇప్పుడు విలువలోపలే ఉంది. అయినా విప్పిచూస్తే ఇంకేం బయటపడతాయోనన్న భయంతో కంపెనీ తానుగా బాగుచేయించనంటుంది. "బండి మీరుంచుకుంటారా?" అని అడుగుతుంది.

ఉంచుకుంటామంటే తుక్కు విలువ 1,600, ఎక్సెస్ 250 పోగా 8,950 చేతికొస్తుంది. నెలనెలా ప్రీమియం కడుతున్నవాళ్లకైతే మిగిలిన వాయిదాలు కూడా ఇందులోంచే కోసుకుంటారు. బండి ఇచ్చేస్తే అందులో బిగించిన స్టవ్, ఫ్రిజ్ అన్నీ దానితోపాటు వెళ్లిపోతాయి. మెకానిక్‌తో కలిసి యార్డుకెళ్లి, నేల మీద పడుకుని టార్చి వేసి చూస్తారు. అతను ఛాసిస్ వంపుని చేత్తో తడిమి, "జిగ్ మీద పెట్టి లాగితే సరవుతుంది, ఇంజను కదల్లేదు" అంటాడు. కేటగిరీ ఎస్ ముద్ర ఎప్పటికీ ఉంటుంది, రేపు అమ్మబోతే ధర తగ్గుతుంది. అమ్మే ఆలోచన మీకు లేదు. ఉంచుకుంటాం అని రాసిస్తారు.

లాగ్ బుక్ కంపెనీకి పంపి, వీ62 ఫారంతో కొత్తది తెప్పించుకుంటారు, ఎస్ కేటగిరీకి ఇది ఉచితం. బాగయ్యేదాకా రోడ్డెక్కదు గనక వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకి, బండి రోడ్డు మీద లేదని చెప్పే సార్న్ ప్రకటన ఇస్తారు. రైట్ ఆఫ్ అయిన బండ్లకి ఒకప్పుడు ఉన్న ప్రభుత్వ గుర్తింపు తనిఖీని 2015లోనే ఎత్తేశారు. అందుకే వెల్డింగ్‌కి ముందూ వెనకా ఫొటోలు, కొలతల కాగితం మీరే తీయించి పెట్టుకోవాలి. ఎక్సెస్, పోయిన క్యాంపుసైట్ బుకింగ్ డబ్బులు అవతలి డ్రైవరు బీమా నుంచి రాబట్టడానికి ఇంకో ఉత్తరం వెళ్తుంది.

ఇక తమ్ముడు పట్టుకున్న మాట. బాగయిన బండికి కొత్త పాలసీ తీసుకునేటప్పుడు పాత బండ్ల బీమా చేసేవాళ్లని వెతికి, అగ్రీడ్ వాల్యూ అడుగుతారు. ఫొటోలు, బిల్లులు, నిపుణుడి అంచనా చూసి విలువ ముందే రాస్తారు. మళ్లీ రైట్ ఆఫ్ అయితే ఆ రాసిన అంకెకే లెక్క కడతారు. ఏటా దాన్ని సవరించుకోవాలి, ఎందుకంటే ఈ బండ్ల ధరలు మారుతూనే ఉంటాయి.

మీకు పాత బండి ఉంటే, ప్రమాదం జరిగేదాకా ఆగకండి. ఈ ఆదివారమే దాన్ని కడిగి, లోపలా బయటా, అడుగునా ఫొటోలు తీయండి. బిల్లులు ఒకచోట పెట్టండి. పాలసీ తీసి అందులో ఏ విలువ రాసుందో చదవండి. ఏళ్ల తరబడి మీరు పోసిన శ్రమ గైడు పుస్తకానికి తెలియదు, దాన్ని కాగితం మీదకి తేగలిగేది మీరొక్కరే.