ఏ కంపెనీ బండైనా దారి ఒకటే: సికింద్రాబాద్‌లో మోటార్‌సైకిల్ అభిమానాలు, పత్రికల పక్షపాతాలు

మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళ లోకంలో రెండు ధోరణులు మొదటినుంచీ పక్కపక్కనే నడుస్తున్నాయి. తన కంపెనీని నెత్తిన పెట్టుకుని ఎదుటి కంపెనీని తీసిపారేయడం ఒకటి. దారిలో ఆగిపోయిన బండి ఎవరిదైనా, ఏ కంపెనీదైనా, తన బండి పక్కకు తీసి ‘ఏమైంది అన్నా?’ అని అడగడం రెండోది. మొదటిదాన్ని ప్రకటనలూ పత్రికలూ పెంచి పోషించాయి. రెండోదాన్ని మెకానిక్ షెడ్లు, విడిభాగాల కొరత, దూరపు దారులు పెంచాయి. సైనిక దండు, రాణీగంజ్ విడిభాగాల బజారు, ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డ మధ్యతరగతి కలిసి కట్టిన ఊరు సికింద్రాబాద్. ఈ రెండు ధోరణుల చరిత్రా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

దండు తెచ్చిన బండి

మూడో నిజాం సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ ఏర్పడింది. అప్పటినుంచీ ఇది కంటోన్మెంటు ఊరు. మన దేశంలో మోటార్‌సైకిల్ మొదట్లో సైన్యం, పోలీసులు, కలిగినవాళ్ళు వాడిన వాహనం. బీఎస్‌ఏ, నార్టన్, ట్రయంఫ్, ఏరియల్, మ్యాచ్‌లెస్ అన్నీ బ్రిటన్ నుంచి వచ్చినవే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం బీఎస్‌ఏ ఎం20, నార్టన్ 16హెచ్ బండ్లను పెద్ద ఎత్తున వాడింది.

పత్రికల పక్షపాతం కూడా దాదాపు అంత పాతదే. బ్రిటన్‌లో 1903లో మొదలైన ‘ది మోటార్ సైకిల్’, దానికి పోటీగా నిలిచిన ‘మోటార్ సైక్లింగ్’ వారపత్రికలు దశాబ్దాలపాటు రైడర్ల అభిరుచిని దిద్దాయి. బర్మింగ్‌హామ్, కోవెంట్రీ కర్మాగారాల ప్రకటనలే వాటికి ఆధారం. అందుకే వాటి పరీక్షా నివేదికల్లో లోపాలు మెత్తటి మాటల్లో ఒదిగిపోయేవి. చమురు కారుతుందని సూటిగా చెప్పాల్సిన చోట మర్యాదగా దాటవేసేవారు. జపాన్ బండ్లు వచ్చి మీద పడేదాకా బ్రిటిష్ కంపెనీలు మేలుకోలేదు. అందుకు యాజమాన్యాల నిర్లక్ష్యం ఎంత కారణమో, లోపాన్ని లోపమని గట్టిగా చెప్పని పత్రికలూ అంతే కారణమని నా నమ్మకం.

దొరికిందే మంచి బండి

స్వాతంత్ర్యం తర్వాత ఎంపిక చాలా చిన్నది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండ్ రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. అంతకుముందే భారత సైన్యం సరిహద్దు గస్తీ కోసం 350 సీసీ బుల్లెట్లకు ఆర్డరు ఇచ్చింది. మైసూరులో ఐడియల్ జావా 1961లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1973 నుంచి ఆ బండ్లు యెజ్డీ పేరుతో వచ్చాయి. ఎస్కార్ట్స్ సంస్థ పోలండ్ బండి నమూనాతో రాజ్‌దూత్ తయారు చేసింది. స్కూటర్లయితే 1960 నుంచి ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్ళాయి. బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. హైదరాబాద్ ఆల్విన్ కూడా పుష్పక్ పేరుతో స్కూటర్లు తయారుచేసింది.

ఆ రోజుల్లో ఏది మంచి బండి అన్న ప్రశ్నకు విలువ లేదు, ఏది దొరుకుతుందన్నదే ప్రశ్న. అందువల్ల పత్రిక తీర్పుకు పనే లేకపోయింది. అభిమానం మాత్రం పుట్టింది. బుల్లెట్ అంటే దండు బండి. తిరుమలగిరిలో సైనిక వాహనాల మరమ్మతు నేర్పే ఎంసీఈఎంఈ ఉన్న ఊళ్ళో ఆ బండికి గౌరవం దానంతటదే వచ్చింది. సైన్యం వాడి వేలం వేసిన ‘డిస్పోజల్’ బుల్లెట్లు మామూలు మనుషుల చేతికీ అందాయి. జావాకు రెండు సైలెన్సర్లు, కుర్రకారు హుషారు. రాజ్‌దూత్ పాలక్యాన్లు మోసే పల్లె బండి. ఏళ్ళకేళ్ళు ఒకే బండితో బతికితే వచ్చే అభిమానం ఇది. ఏ ప్రకటనా నేర్పింది కాదు.

స్నేహం పుట్టింది కూడా ఆ కొరతలోంచే. బుల్లెట్‌కు గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి ఉండేవి. జావాకు కిక్కూ గేరూ ఒకే రాడ్డు. కిక్కు కొట్టి దాన్నే ముందుకు వంచితే గేరు రాడ్డవుతుంది. జావా, రాజ్‌దూత్‌లకు పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. బండి మారితే కాళ్ళూ చేతులూ కొత్తగా నేర్చుకోవాలి. పక్కవాడి బండి నడపాలంటే వాడి దగ్గర కూర్చుని నేర్చుకోక తప్పదు. రాణీగంజ్ దుకాణాల్లో ఒక కంపెనీ బేరింగు ఇంకో కంపెనీ బండికి సరిపోతుందని కనిపెట్టినవాళ్ళు ఆ రహస్యాన్ని దాచుకోలేదు. ఉస్తాద్ షెడ్డులో బుల్లెట్ పాయింట్లు సరిచేయించుకోవడానికి వచ్చినవాడు జావా టైమింగ్ ఎలా పెట్టాలో విన్నాడు. ఆ షెడ్డులో కూర్చున్నవాళ్ళకి కంపెనీ భేదం పరాచికాలకే పనికొచ్చింది.

వంద సీసీల యుద్ధం

1980లలో ఈ లోకం తలకిందులైంది. ఎస్కార్ట్స్ 1983లో యమహా ఆర్‌డీ350ని రాజ్‌దూత్ 350గా తెచ్చింది. 1984లో ఇండ్-సుజుకి ఏఎక్స్100, 1985లో హీరో హోండా సీడీ100, అదే ఏడు యమహా ఆర్‌ఎక్స్100, తర్వాత కావసాకి బజాజ్ కేబీ100 వచ్చాయి. పెట్రోలు పోసి మూత వేసి మరిచిపొమ్మన్న హీరో హోండా ప్రచారం మైలేజీనే మతంగా మార్చింది. 98 సీసీల్లోంచి దాదాపు 11 హార్స్‌పవర్ తీసిన ఆర్‌ఎక్స్100 కుర్రాళ్ళ మనసు దోచుకుంది.

అప్పటినుంచి అభిమానం పోటీగా మారింది. టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? పికప్పా, మైలేజీయా? కాలేజీ గేట్ల దగ్గర, టీ కొట్ల దగ్గర ఇవే వాదనలు. ఆ వాదనకు అంకెలు కావాలి. ఆ అంకెలు ఇచ్చేవాళ్ళే పత్రికలవాళ్ళు. 1996లో ఉద్గారాల నిబంధనలు కఠినమయ్యేసరికి టూ స్ట్రోక్ కాలం ముగియసాగింది. ఆర్‌ఎక్స్100 ఆగిపోయింది, ఐడియల్ జావా మైసూరు కర్మాగారం మూతపడింది. అయినా 2018లో ‘ఆర్‌ఎక్స్ 100’ పేరుతో తెలుగు సినిమా వచ్చి ఆడిందంటే ఆ బండి ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది.

తీర్పరులు వచ్చారు

1998లో ‘ఓవర్‌డ్రైవ్’, 1999లో ‘ఆటోకార్ ఇండియా’, 2005లో పూర్తిగా ద్విచక్ర వాహనాల కోసం ‘బైక్ ఇండియా’ పత్రికలు వచ్చాయి. హీరో హోండా సీబీజెడ్ 1999లో, బజాజ్ పల్సర్ 2001లో రావడంతో వాటికి కావలసినంత సరుకు దొరికింది. ఈ పత్రికలు చేసిన మేలు చిన్నది కాదు. సున్నా నుంచి అరవైకి ఎన్ని సెకన్లు, బ్రేకు పట్టాక ఎంత దూరంలో ఆగుతుంది, ఏ వేగంలో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నవి కొలిచి రాయడం మన పాఠకుడికి వాళ్ళు నేర్పిన క్రమశిక్షణ. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల మధ్య ఆ సంచికల కోసం వెతికిన కుర్రాళ్ళకు ఇంజినీరింగ్ మీద ఇష్టం పుట్టించినవీ అవే.

పక్షపాతం అంటే కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని రాయడమేనని చాలామంది అనుకుంటారు. అసలు పక్షపాతం అంతకంటే నెమ్మదిగా పనిచేస్తుంది. పత్రిక ఆదాయంలో పెద్ద భాగం బండ్లు తయారుచేసే కంపెనీల ప్రకటనలదే. పరీక్షకు బండి ఇచ్చేదీ కంపెనీయే. అది షోరూములో మనం కొనే బండి కాదు; చక్కగా ట్యూన్ చేసి పంపిన బండి. కొత్త మోడల్ వస్తే కంపెనీ తన ఖర్చుతో విలేకరులను పిలిచి, తన ట్రాకు మీద కొన్ని గంటలు నడపనిస్తుంది. కఠినంగా రాసినవాడికి తర్వాతి ఆహ్వానం ఆలస్యం కావచ్చన్న భయం చాలు, ఎవరూ బెదిరించనక్కర్లేదు. ఫలితంగా పాత మోడల్ లోపాలు కొత్త మోడల్ వచ్చాక మాత్రమే బయటపడతాయి. ‘ఇంతకుముందున్న వణుకు ఇప్పుడు తగ్గింది’ అని చదివాకగానీ ఇంతకుముందు వణుకు ఉండేదని పాఠకుడికి తెలియదు.

మనకు సంబంధించిన పక్షపాతం ఇంకొకటుంది. ఈ పత్రికలు ముంబయి, పుణె, ఢిల్లీ నుంచి వచ్చేవి, ఇంగ్లీషులో. లోనావాలా ఘాట్ మలుపుల్లో పరుగెత్తిన బండి, మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఎలా ఉంటుంది? ఇంజిను వేడికి కాళ్ళు మాడతాయా? క్లచ్ పట్టీ పట్టీ మణికట్టు నొప్పెడుతుందా? విడిభాగం ఇక్కడ దొరుకుతుందా, తెప్పించాలా? ఈ ప్రశ్నలకు జవాబు రాణీగంజ్‌లోనే దొరికేది. తెలుగు పాఠకుడికి దినపత్రికల వాణిజ్య పేజీల్లో అందింది ఎక్కువగా ధర, మైలేజీ, షోరూము ప్రారంభం ఫొటో మాత్రమే. ఆ లోటును మన భాషలో తీర్చవలసింది మన పత్రికలే.

నిజం రాస్తే ఏమవుతుందో అమెరికా చరిత్ర చెబుతుంది. 2005లో ‘మోటార్‌సైక్లిస్ట్’ పత్రిక హెల్మెట్లను ప్రయోగశాలలో పరీక్షించి, పేరుపొందిన స్నెల్ ప్రమాణం గల ఖరీదైన హెల్మెట్ల కంటే కొన్ని చవక హెల్మెట్లు దెబ్బను బాగా పీల్చుకుంటున్నాయని చూపింది. పరిశ్రమ మండిపడింది. ఆ వ్యాసకర్త డెక్స్‌టర్ ఫోర్డ్ 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో ఇదే విషయం మళ్ళీ రాశాక ‘మోటార్‌సైక్లిస్ట్’లో ఆయన స్థానం పోయింది. అయితే స్నెల్ సంస్థ తన 2010 ప్రమాణంలో తలకు తగిలే తాకిడి పరిమితిని తగ్గించింది. అసలు ప్రకటనలే తీసుకోని ‘మోటార్‌సైకిల్ కన్స్యూమర్ న్యూస్’ చందాదారుల మీదే ఆధారపడి నడిచి 2020లో ఆగిపోయింది. నిష్పాక్షికతకు ఖర్చవుతుంది. ఆ ఖర్చు పాఠకుడు భరించకపోతే కంపెనీ భరిస్తుంది.

క్లబ్బులు, కంపెనీల చేతులు

2000 తర్వాత స్నేహానికి సంస్థారూపం వచ్చింది. 2009లో క్లాసిక్ మోడల్ వచ్చాక రాయల్ ఎన్‌ఫీల్డ్ అమ్మకాలు పుంజుకున్నాయి. ఆదివారం తెల్లవారుజామున హైవే ఎక్కే గుంపులు జంటనగరాల్లో మామూలయ్యాయి. 2010లో హార్లే-డేవిడ్‌సన్ దేశంలోని తన తొలి షోరూముల్లో ఒకదాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. ఆ కంపెనీకి అమెరికాలో 1983లో పుట్టిన సొంత యజమానుల సంఘం ఉంది. అలా రైడర్ల స్నేహం కూడా కంపెనీ వ్యాపారంలో భాగమైంది. జాకెట్టు, జెండా, రైడ్ అన్నీ ఒకే గుర్తు కింద చేరాయి. 2017లో బజాజ్ తన డామినార్ కోసం, ఏనుగులను పెంచడం మానుకోమంటూ బుల్లెట్ రైడర్లను ఎగతాళి చేసే ప్రకటన విడుదల చేసింది. నొచ్చుకున్నది బుల్లెట్ కంపెనీ ఒక్కటే కాదు, వేలమంది రైడర్లూ నొచ్చుకున్నారు. బండి వాళ్ళ గుర్తింపులో ఎంత భాగమైందో అప్పుడు తేలింది.

కంపెనీ కట్టిన స్నేహానికి ఒక బలహీనత ఉంది. 2020 సెప్టెంబరులో హార్లే భారత్‌లో తన కార్యకలాపాలు మూసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు ఆ గుర్తు కింద చేరినవాళ్ళు ఒక్కసారిగా అయోమయంలో పడ్డారు. ఆ తర్వాత హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరి ఊపిరి పీల్చుకున్నారు. దీనికి భిన్నంగా, మైసూరు కర్మాగారం 1996లోనే మూతపడినా, జావా, యెజ్డీ రైడర్లు ఏ కంపెనీ సాయమూ లేకుండా రెండు దశాబ్దాలపాటు తమ బండ్లను బతికించుకున్నారు. జులై రెండో ఆదివారాన్ని తమ పండుగగా జరుపుకున్నారు. 2018లో జావా పేరు మళ్ళీ మార్కెట్లోకి వచ్చినప్పుడు ఇలా నిలుపుకున్న అభిమానమే దానికి పెట్టుబడి అయింది.

ఏ కంపెనీకీ కట్టుబడని స్నేహానికి మంచి ఉదాహరణ మహిళా రైడర్లు. 2011లో మొదలైన ‘బైకర్నీ’ సంఘంలో బండి గుర్తుతో పని లేదు. ఆ సంఘం హైదరాబాద్ శాఖకు నాయకత్వం వహించిన జై భారతి, మరో ముగ్గురు మహిళలతో కలిసి 2018లో హైదరాబాద్ నుంచి ఆగ్నేయాసియా దేశాల మీదుగా ‘రోడ్ టు మేకాంగ్’ యాత్ర చేసింది. దాదాపు 17 వేల కిలోమీటర్లు. పత్రికల పరీక్షా నివేదికలు దాదాపుగా మగవాళ్ళ ఎత్తుకూ బరువుకూ రాసినవి. సీటు ఎత్తు, బండి బరువు, రాత్రి దారిలో హెడ్‌లైట్ వెలుగు గురించి ఈ మహిళలు ఒకరితో ఒకరు పంచుకున్న అనుభవం ఆ నివేదికల కంటే పనికొచ్చేది.

వీడియో కాలపు బాధ్యత

ఇప్పుడు తీర్పరి స్థానం పత్రిక నుంచి యూట్యూబ్‌కు మారింది. మేలేమిటంటే తీర్పు తెలుగులో వినిపిస్తోంది, మన ఎండలో, మన గుంతల్లో నడిపి చెబుతున్నారు. పాత ప్రమాదం మాత్రం పోలేదు. అందుకే ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో, కంపెనీ నుంచి డబ్బుగానీ వస్తువుగానీ ప్రయాణ ఖర్చుగానీ పొందితే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని ప్రచారకర్తలకు మార్గదర్శకాలు ఇచ్చాయి. కెమెరా ముందు నిలబడే ప్రతి సమీక్షకుడికీ ఇది కనీస ధర్మం.

ఈ చరిత్ర అంతా చూశాక నా అభిప్రాయం ఇది. బండి మీద అభిమానం దోషం కాదు, అది లేనివాడు బండిని బాగా చూసుకోలేడు. ప్రయోజనాన్ని దాచి తీర్పు చెప్పడం దోషం. సమీక్ష రాసేవాళ్ళు బండి ఎవరిచ్చారో, ప్రయాణం ఎవరి ఖర్చో మొదటి వాక్యంలోనే చెప్పాలి. చదివేవాళ్ళు ఒక్క నివేదికను నమ్ముకోకుండా, అదే బండిని రెండు మూడేళ్ళు నడిపినవాణ్ణీ, దాన్ని విప్పి బిగించిన మెకానిక్‌నీ అడిగి కొనాలి. రాజీవ్ రహదారి మీదో, మేడ్చల్ దారిలోనో హెల్మెట్ తీసి బండి పక్కన నిలబడ్డ మనిషి కనిపిస్తే, ట్యాంకు మీద పేరు చదవకముందే బ్రేకు వేయండి.