వీధి నుంచి మఠం దాకా శాక్సఫోన్

తుని వైపు పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం మోగితే క్లారినెట్ పక్కన శాక్సఫోన్ కూడా కనిపిస్తుంది. అది సహజమే. అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో పేటెంటు పొందిన ఈ వాయిద్యానికి మొదట ఆదరణ దొరికింది సైనిక బ్యాండుల్లోనే.

కచేరీ వేదిక మాత్రం అంత తేలిగ్గా దక్కలేదు. నాదస్వర విద్వాంసుడి కొడుకైన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో దాన్ని విని మోజుపడ్డారు. మీట నొక్కితే స్వరం గెంతుతుంది, గమకమేమో జారాలి. ఏళ్ల తరబడి సాధన చేశారు, వాయిద్యాన్నే మార్చుకున్నారు. 1980లో బొంబాయి ‘జాజ్ యాత్ర’ ఉత్సవంలో అమెరికన్ జాన్ హ్యాండీతో కలిసి వాయించారు.

అటు ఐరోపాలో జాజ్ నెమ్మదించింది. నార్వేకు చెందిన శాక్సఫోన్ వాద్యకారుడు యాన్ గార్బరెక్ 1993లో ఆస్ట్రియాలోని ఒక మఠంలో నలుగురు గాయకులతో ‘ఆఫీషియం’ రికార్డు చేశారు. డ్రమ్ములు లేవు, గోడల ప్రతిధ్వనే తోడు. కొత్తగా వినేవారికి మాత్రం, జాకిర్ హుస్సేన్, హరిప్రసాద్ చౌరాసియాలతో ఆయన వాయించిన ‘మేకింగ్ మ్యూజిక్’ (1987) సులువు. తబలా, వేణువు మనకు తెలిసినవే కదా!